ట్రినిడాడ్, టొబాగో దీవుల్లో వారం రోజులు: శాకాహారులైన పెద్దవాళ్లతో ఏమి చూడాలి, ఏమి తినాలి?

సత్యవతి_ఎన్‌జే
మార్చి నెలాఖరులో మా అత్తగారు, మామగారు, ఇద్దరు పిల్లలతో కలిసి ట్రినిడాడ్, టొబాగో దీవులకు వారం రోజుల పాటు వెళ్లాలనుకుంటున్నాము. పెద్దవాళ్లు రాజమండ్రి నుంచి వచ్చి ప్రస్తుతం అమెరికాలో మా దగ్గరే ఉన్నారు. వాళ్లిద్దరూ కోడిగుడ్డు కూడా తినరు. మా వారికీ పిల్లలకూ చేప, కోడి అభ్యంతరం లేదు. కిందటి సెలవుల్లో మరో కరీబియన్ దీవిలో తిండి, వసతి అన్నీ ఒకే ధరలో కలిపిన రిసార్టులో దిగితే, శాకాహారులమన్న పాపానికి పూటపూటా ఉడికించిన క్యారెట్లు, పాస్తా తప్ప మరొకటి పెట్టలేదు. మా అత్తగారు ఆ సెలవులన్నీ వెంట తెచ్చుకున్న కందిపొడితోనే గడిపారు. ఏ దీవిలో ఎన్ని రాత్రులు ఉండాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చూడగలిగినవి ఏవి, బయటి తిండిని ఎంతవరకు నమ్మవచ్చు అన్నవి వెళ్లివచ్చినవారు చెప్పగలరు.

డల్లాస్_శ్రీను
ఒక రిసార్టు బాగాలేదని రిసార్టులన్నిటినీ వదులుకోనక్కరలేదు. మెక్సికోలోని కాన్‌కూన్‌లోనూ డొమినికన్ రిపబ్లిక్‌లోని పుంటా కానాలోనూ ముందుగా రాసి అడిగితే భారతీయ వంట ఏర్పాటు చేసే హోటళ్లు ఉన్నాయి. ట్రినిడాడ్‌లో నేరాలు ఎక్కువని అమెరికా విదేశాంగ శాఖ హెచ్చరికలు జారీ చేస్తూనే ఉంది. పెద్దవాళ్లను, పిల్లలను వెంటబెట్టుకుని అక్కడికే ఎందుకు వెళ్లాలో నాకు అర్థం కావడం లేదు.

స్పెయిన్‌రేవు_వాసి
నేను ఉద్యోగరీత్యా ఇక్కడే, ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఉంటున్నాను కాబట్టి కొంత వివరంగా రాస్తాను. శ్రీను గారు చెప్పిన హెచ్చరికలు నిజమే, వాటిని తేలికగా తీసుకోకూడదు. ఈమధ్య కాలంలో ప్రభుత్వం అత్యవసర పరిస్థితి విధించిన సందర్భాలు కూడా ఉన్నాయి కనుక టికెట్లు కొనే ముందు తాజా సమాచారం చూసుకోండి. అయితే నేరాలు ఎక్కువగా జరిగే లావెంటీల్ వంటి పేటలకు వెళ్లవలసిన పని యాత్రికులకు ఉండదు. చీకటి పడ్డాక నగరంలో నడక మానేసి, తెలిసిన డ్రైవరును రోజంతటికీ మాట్లాడుకుంటే, పెద్దవాళ్లకు శ్రమ కూడా తగ్గుతుంది.

ఇక తిండి. కరీబియన్ దీవులన్నిటిలోనూ శాకాహారి రోడ్డు పక్కన నిలబడి కడుపు నింపుకోగలిగినది ఇదేనని నా అభిప్రాయం. 1845 మే 30న ఫాతెల్ రజాక్ అనే ఓడలో తొలి ఒప్పంద కూలీలు కలకత్తా నుంచి వచ్చి ఇక్కడ దిగారు. 1917లో ఆ పద్ధతి ఆగేవరకు 1,40,000కు పైగా మనుషులు చెరుకు తోటల్లో పనికి వచ్చారు. వాళ్లలో అత్యధికులు భోజ్‌పురి, అవధి మాట్లాడే ప్రాంతాలవారు. మద్రాసు రేవు నుంచి వచ్చిన ఓడల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. నేడు దేశ జనాభాలో మూడో వంతుకు పైగా ఆ కూలీల సంతతివారే. అందువల్ల ఇక్కడ శాకాహారం అడిగితే ఎవరూ వింతగా చూడరు.

పొద్దున్నే తినవలసింది డబుల్స్. మైదాలో పసుపు, జీలకర్ర, ఈస్టు కలిపి పొంగనిచ్చి నూనెలో వేసిన బారా అనే మెత్తని రొట్టెలు రెండు, వాటి మీద కాబూలీ శనగల కూర, ఆపైన చింతపండు పచ్చడి, కీరదోసకాయ తురుము, మిరప ముద్ద. గుడ్డు, పాలు ఏవీ తగలవు. 1930లలో ప్రిన్సెస్ టౌన్‌లో ఇమామూల్ దీన్ కుటుంబం ఒక్క బారాతో శనగలు అమ్ముతుండగా, కొనేవాళ్లు రెండో బారా కూడా వేయమనడంతో ఈ రూపం వచ్చిందని చెబుతారు. నగరం బయట కురేప్ కూడలిలో తెల్లవారకముందే బండ్లు వెలుస్తాయి. దక్షిణాన డెబే అనే ఊళ్లో రోడ్డు పొడవునా కొట్లే. అక్కడ చేమాకులకు పప్పు పిండి పట్టించి వేయించే సహీనా, చింతపండు పచ్చడితో తినే, పప్పు పిండి బజ్జీల్లాంటి ఫులౌరీ తప్పక తినండి. మీ అత్తగారికి అన్నిటికన్నా నచ్చేది మాత్రం సాదా రొట్టె, బైగన్ చోఖా అనుకుంటాను. నిప్పుల మీద కాల్చిన వంకాయను వెల్లుల్లితో మెదిపి తాలింపు పెడతారు. మన కాల్చిన వంకాయ పచ్చడిలో చింతపండు వేయడం మరచిపోతే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది.

గుంటూరు_ఘాటు
మిరప ముద్ద అన్నారు కదా, గుంటూరులో పుట్టినవాడికి అది ఆనుతుందా, లేక ఇంటి నుంచి కారం డబ్బా పట్టుకెళ్లాలా?

స్పెయిన్‌రేవు_వాసి
డబ్బా ఇంట్లోనే ఉంచండి. ఈ దేశపు మోరుగా స్కార్పియన్ మిరపను 2012లో అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్ర విశ్వవిద్యాలయంవారు పరీక్షించినప్పుడు మిరప ఘాటును కొలిచే స్కోవిల్ లెక్కలో సగటున 12 లక్షలు తేలింది. మీ సన్న మిరప 40 వేల దగ్గర ఆగిపోతుంది. బండివాడు ఎంత కారం వేయమంటారని అడుగుతాడు. మొదటిసారి "స్లైట్" అనడమే క్షేమం.

గుంటూరు_ఘాటు
జిల్లా పరువు తీశారు. ఊరగాయ లాంటిదేమైనా పెడతారా, అది కూడా లేదా?

స్పెయిన్‌రేవు_వాసి
కుచేలా అని ఉంటుంది. పచ్చి మామిడి తురుమును ఎండబెట్టి, ఆవనూనె, మసాలా, మిరపకాయలతో కలుపుతారు. డబుల్స్ మీద వేయించుకోవచ్చు, సీసాలు కొని తెచ్చుకోవచ్చు.

డల్లాస్_శ్రీను
రోడ్డు పక్కన శనగలు తినడానికి విమానం ఎక్కి సముద్రం దాటాలా? ఆ పని హైదరాబాదులోనే చేయవచ్చు.

ఓరుగల్లు_పిల్ల
శ్రీను గారి బాధ సముద్రం గురించే అయితే దానికి టొబాగో ఉంది. వాసి గారు తన ఊరి మీద ప్రేమతో రాసిన మాటలు చదివి వారమంతా ట్రినిడాడ్‌లోనే గడిపేయవద్దు. నా లెక్క ప్రకారం ట్రినిడాడ్‌లో మూడు రాత్రులు, టొబాగోలో నాలుగు. మధ్యలో విమానం అరగంట కూడా పట్టదు.

పెద్దవాళ్లకు పిజియన్ పాయింట్ తీరం అనుకూలంగా ఉంటుంది. ప్రవేశ రుసుము తీసుకుంటారు కానీ నీడ, కుర్చీలు, మరుగుదొడ్లు అన్నీ ఉంటాయి, అలలు మోకాలి ఎత్తు దాటడం అరుదు. అక్కడి నుంచీ స్టోర్ బే నుంచీ అడుగున అద్దం బిగించిన పడవలు బుక్కూ పగడపు దిబ్బ మీదికి వెళతాయి. ఈత రానివాళ్లు కూర్చున్న చోటు నుంచే చేపలను, పగడాలను చూడవచ్చు. తిరుగుదారిలో నైలాన్ పూల్ దగ్గర పడవ ఆపుతారు. సముద్రం మధ్యలో నడుములోతు నీళ్లు, కింద తెల్లని ఇసుక. మా నాన్నగారు పంచె పైకి కట్టి అక్కడ దిగిన తరువాత మళ్లీ పడవ ఎక్కించడానికి బతిమాలవలసి వచ్చింది. 1962లో బ్రిటిష్ రాకుమారి మార్గరెట్ ఆ నీళ్లు తన నైలాన్ మేజోళ్లంత పారదర్శకంగా ఉన్నాయని అన్నందువల్ల ఆ పేరు వచ్చిందని పడవవాళ్లు ప్రతి ఒక్కరికీ చెబుతారు. పడవవాళ్లు చౌక రబ్బరు చెప్పులు ఇచ్చి దిబ్బ మీద నడవమంటే మాత్రం నడవవద్దు, పగడం చచ్చిపోతుంది.

ఒక పూట కొండల్లోకి వెళ్లండి. మెయిన్ రిడ్జ్ అడవిని 1776 ఏప్రిల్‌లోనే చట్టం చేసి కాపాడారు. అడవి పోతే వానలు పోతాయని, వానలు పోతే చెరుకు పోతుందని ఆనాటి తోటల యజమానులకు ఎవరో నచ్చజెప్పగలిగారు. పశ్చిమార్ధగోళంలో చట్టరక్షణ పొందిన అడవుల్లో అతి పాతది ఇదేనంటారు. గిల్పిన్ ట్రేస్ అనే కాలిబాట బురదగా ఉంటుంది కనుక మీ మామగారికి వద్దు. రోడ్డు మీది విశ్రాంతి స్థలం నుంచి లోయను, సముద్రాన్ని చూసి వెనుదిరిగినా ఆ ప్రయాణం వృథా కాదు.

లెక్కల_మాస్టారు
ఓరుగల్లు పిల్ల గారి విభజనతో ఏకీభవిస్తున్నాను, కానీ ఈస్టర్ ఏ తేదీన వచ్చిందో చూసుకోమని ఎవరూ చెప్పలేదు. ఈస్టర్ వారాంతంలో ట్రినిడాడ్ జనమంతా టొబాగోకే తరలివెళతారు, విమానంలోనూ ఓడలోనూ చోటు దొరకదు. బుక్కూ గ్రామంలో ఈస్టర్ మంగళవారం నాడు మేకల పందేలు, పీతల పందేలు జరుగుతాయి. 1925 నుంచి వస్తున్న ఆచారం. పిల్లలకు అది కావాలంటే రద్దీని భరించాలి. ఇంకొక విషయం, మార్చి 30 అక్కడ జాతీయ సెలవు. ఒకప్పుడు చట్టం నిషేధించిన షౌటర్ బాప్టిస్టు అనే క్రైస్తవ శాఖ ఆరాధనకు మళ్లీ స్వేచ్ఛ వచ్చినందుకు గుర్తుగా ఆ సెలవు ఇస్తారు. ఆ రోజు తీరాలన్నీ నిండిపోతాయి.

వీసా సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో హెచ్‌-1బి ఉద్యోగ వీసా మీద ఉండి పాస్‌పోర్టులో వీసా స్టాంపింగు గడువు తీరినవాళ్లు, కెనడా, మెక్సికోలకు వెళ్లి నెలలోపు తిరిగిరావడానికి ఉన్న సడలింపు ఈ దీవులకూ వర్తిస్తుందని అనుకుంటారు. కరీబియన్ దీవుల విషయంలో ఆ సడలింపు విద్యార్థులకు, జె వీసా (విద్యా, సాంస్కృతిక మార్పిడి) వాళ్లకు మాత్రమే ఉంది.

డల్లాస్_శ్రీను
మాస్టారు గారు ఒక్క పేరాలో సగం మంది సెలవులు రద్దు చేశారు.

సత్యవతి_ఎన్‌జే
మా స్టాంపింగు సరిగానే ఉంది, పెద్దవాళ్లకు పలుమార్లు ప్రవేశించగల అమెరికా వీసా ఉంది. మూడు, నాలుగు రాత్రుల విభజన నచ్చింది. మామగారికి గుడులు చూడాలని ఉంది. ట్రినిడాడ్‌లో ఒక పూటలో చూడగలిగినవి ఏవైనా ఉన్నాయా?

కాకినాడ_కాజా
ఉన్నాయి, రెండూ దగ్గరదగ్గరలోనే. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కు దక్షిణాన కారాపిచైమా అనే ఊళ్లో దత్తాత్రేయ మందిరం ఉంది. తెలుగునాట ఎందరో భక్తులున్న మైసూరు గణపతి సచ్చిదానంద స్వామి ఆశ్రమానికి చెందినది. ఆవరణలో 85 అడుగుల హనుమంతుడి విగ్రహం 2003లో వెలిసింది. దక్షిణ భారత శైలిలో కట్టిన గుడి కనుక మీ మామగారికి పరాయి చోటు అనిపించదు.

అక్కడికి కొద్ది నిమిషాల దూరంలో వాటర్‌లూ తీరాన ఉన్న సముద్రంలోని గుడి కథ వేరు. శివదాస్ సాధు అనే కూలీ 1947లో చెరుకు కంపెనీ భూమిలో చిన్న గుడి కట్టుకున్నాడు. కంపెనీ కోర్టుకెక్కింది, గుడిని 1952లో కూల్చివేశారు, ఆయనను 14 రోజులు జైల్లో పెట్టారు. భూమి మీద చోటు ఇవ్వకపోతే సముద్రం ఎవరిదీ కాదు కదా అని ఆయన రాళ్లు, సిమెంటు సైకిలు మీద మోసుకెళ్లి, ఆటుకు నీళ్లు తగ్గినప్పుడల్లా నీటిలోనే మళ్లీ కట్టడం మొదలుపెట్టి, పాతికేళ్ల పాటు ఆ పని చేశాడు. అలలు కొట్టేసిన ఆ కట్టడాన్ని, భారతీయులు వచ్చి 150 ఏళ్లు నిండిన సందర్భంగా 1990లలో ప్రభుత్వం పునరుద్ధరించింది. ఇప్పుడు ఒడ్డు నుంచి గుడి వరకు చదునైన కట్ట ఉంది, మెట్లెక్కే పని పెద్దగా లేదు. పక్కనే దహన ఘట్టం కూడా ఉంటుంది కాబట్టి పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి.

తాబేలు_నడక
కాజా గారు చెప్పినవి పొద్దున చూసుకుని, మధ్యాహ్నం మూడున్నరకల్లా కారోనీ మడ అడవుల దగ్గరికి చేరుకోండి, దారిలోనే వస్తుంది. నాలుగు గంటలకు పడవలు బయలుదేరుతాయి. పొద్దు గుంకేవేళ ఎర్ర కంకణాలు (స్కార్లెట్ ఐబిస్) అనే పక్షులు వందలకొద్దీ వచ్చి మడ చెట్ల మీద వాలుతాయి. పీతలు, రొయ్యల్లాంటి జీవులను తినడం వల్లే వాటికి ఆ రంగు వస్తుంది. పిల్లలుగా ఉన్నప్పుడు బూడిదరంగులో ఉంటాయి. దేశపు జాతీయ పక్షుల్లో ఇది ఒకటి, వేటాడితే శిక్ష పడుతుంది. పడవలో మరుగుదొడ్డి ఉండదని, దోమల మందు రాసుకోవాలని పెద్దవాళ్లకు ముందే చెప్పండి.

అయితే మార్చి నెలాఖరున వెళ్లేవాళ్లు అన్నిటికన్నా ముందు చూడవలసింది తోలు తాబేళ్లనే అని నా పట్టుదల. మార్చి నుంచి ఆగస్టు వరకు గ్రాండ్ రివియేర్, మతూరా తీరాలకు అవి రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి. మనిషికన్నా పొడవైన ప్రాణి, కొన్ని వందల కిలోల బరువు, ఊపిరి బరువుగా తీస్తూ ఇసుకలోకి ఈడ్చుకుని వచ్చి, వెనుక కాళ్లతో ఒక్క ఇసుక రేణువు కూడా లోపల పడనంత జాగ్రత్తగా గొయ్యి తవ్వుతుంది. అనుమతి పత్రం, స్థానిక గైడు తప్పనిసరి; తెల్లని వెలుతురు, ఫ్లాష్ నిషేధం. గ్రాండ్ రివియేర్ రాజధాని నుంచి మూడు గంటల దారి, మలుపులు ఎక్కువ కాబట్టి అక్కడే ఒక రాత్రి ఉండడం మేలు. సీజను మొదట్లో తాబేళ్లు ఏప్రిల్, మే నెలల్లో వచ్చినన్ని రావు, ఓపికగా కూర్చోవాలి.

ఓరుగల్లు_పిల్ల
మూడు రాత్రుల్లో ఒకటి గ్రాండ్ రివియేర్‌కు ఇచ్చేస్తే గుడులు, కారోనీ, డెబే అన్నీ ఒకటిన్నర రోజులో ఎలా కుదురుతాయి? టొబాగోలో కూడా గ్రేట్ కూర్లాండ్ తీరానికి తోలు తాబేళ్లు వస్తాయి. దానికి హోటలు నుంచి నాలుగు అడుగులు వేస్తే చాలు.

తాబేలు_నడక
వస్తాయి, కానీ సంఖ్యలో పోలికే లేదు. పెద్దవాళ్ల మోకాళ్లను దృష్టిలో పెట్టుకుంటే మాత్రం మీ మాటే సబబు, ఆ తీరమే చూడమనండి.

చేపల_పులుసు
అందరూ శాకాహారుల గురించే రాస్తున్నారు. సత్యవతి గారి భర్త తరఫున అడుగుతున్నాను, ట్రినిడాడ్‌లోని మరకాస్ తీరంలో దొరికే బేక్ అండ్ షార్క్ గురించి ఒక్కరూ ఎత్తలేదేమి? నూనెలో పొంగిన రొట్టె మధ్యలో వేయించిన సొరచేప ముక్క, దాని మీద మనకు మనమే వేసుకునే వెల్లుల్లి, చింతపండు పచ్చళ్లు, అనాస ముక్కలు. ఆ దీవికి వెళ్లి అది తినకుండా రావడం నేను ఊహించలేను.

తాబేలు_నడక
సొరచేపలు నెమ్మదిగా పెరిగి, ఆలస్యంగా, కొద్ది పిల్లలనే పెట్టే జాతి. కొట్లో అమ్మేది ఏ జాతి సొరో కొనేవాడికి తెలిసే అవకాశం లేదు. అదే రొట్టెలో వంజరం జాతి చేప పెట్టి ఇవ్వమన్నా ఇస్తారు, రుచిలో లోటు ఉండదు.

చేపల_పులుసు
లోటు ఉంటుంది, కానీ తాబేలుతో వాదించి గెలిచినవాళ్లు లేరు. వంజరమే కానివ్వండి. టొబాగోలో స్టోర్ బే కొట్లలో పీతల కూర, పిండి ఉండలు కూడా తినమనండి. కొబ్బరిపాలు పోసి చేస్తారు, చొక్కా పాడవకుండా తిన్నవాళ్లను నేను చూడలేదు.

స్పెయిన్‌రేవు_వాసి
మరకాస్‌లో తిండి సంగతి మీరు మాట్లాడుకున్నారు, నేను నీళ్ల సంగతి చెబుతాను. అలలు బలంగా ఉంటాయి, లోపలికి లాగే ప్రవాహాలు ఉన్నాయి. జెండాల మధ్య, రక్షకులు ఉన్న వేళల్లోనే పిల్లలను దింపండి. వెళ్లే దారిలో కొండ మీద ఆగే చోట కొట్లు ఉంటాయి. అక్కడ చౌ అడగండి. పచ్చి మామిడి లేదా అనాస ముక్కలకు ఉప్పు, మిరప, వెల్లుల్లి, షాడో బెనీ ఆకు కలిపి ఇస్తారు. ఈ షాడో బెనీ కొత్తిమీర వాసన వేసే పొడవాటి ఆకు, ఇక్కడ ప్రతి వంటలోనూ పడుతుంది.

శాకాహారులు జాగ్రత్తపడవలసినవి మూడున్నాయి. కల్లలూ అనే చేమాకు, బెండకాయ, కొబ్బరిపాల కూరలో పీతనో ఉప్పు పంది మాంసమో వేయడం మామూలు. మకరోనీ పాస్తా, చీజ్ కలిపి కాల్చే "మకరోనీ పై" అనే వంటకంలో గుడ్డు ఉంటుంది. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని సవానా మైదానం అంచున అమ్మే మొక్కజొన్న సూపులో కూడా కొందరు మాంసం వేస్తారు. అడిగితే దాచకుండా చెబుతారు. చైత్ర నవరాత్రులు మీ ప్రయాణంలో పడితే మరీ మంచిది, ఆ రోజుల్లో ఇక్కడి హిందువులు చాలామంది మాంసం మానేస్తారు. టొబాగోలో రాస్తాఫారీ మతస్థులు తమ ఆహార నియమాల ప్రకారం నడిపే ఐటల్ భోజనశాల దొరికితే వదలవద్దు. గుడ్డు, మాంసం ఏవీ వాడరు.

నిమ్మకాయ_నీళ్లు
మద్యం తాగనివాళ్లకు ఏమి దొరుకుతుంది?

స్పెయిన్‌రేవు_వాసి
కొబ్బరి బోండాలు, చెట్టు బెరడు కాచి తీసే చేదు మాబీ, సారెల్. ఈ సారెల్ మన ఎర్ర గోంగూర జాతి మొక్కే. దాని ఎర్రటి కాయల రేకులను అల్లం, లవంగాలతో మరిగించి చక్కెర కలిపి చల్లగా తాగుతారు. క్రిస్మస్ రోజుల్లో ఎక్కువ, సీసాల్లో ఏడాదంతా దొరుకుతుంది.

గుంటూరు_ఘాటు
గోంగూరను తీపి పానకం చేశారా? మిరప విషయంలో ఓడిపోయాము సరే, దీన్ని మాత్రం క్షమించలేను.

డల్లాస్_శ్రీను
క్రికెట్ గురించి ఎవరూ రాయలేదు. క్వీన్స్ పార్క్ ఓవల్ మైదానం పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నగరంలోనే ఉందా?

లెక్కల_మాస్టారు
నగరంలోనే ఉంది, వెనుక కొండలు కనిపిస్తాయి. వెస్టిండీస్ మీద భారత్ తొలి టెస్టు విజయం 1971లో అక్కడే. 1976లో నాలుగో ఇన్నింగ్సులో 406 పరుగులు చేసి గెలిచిందీ అక్కడే. 2023లో కోహ్లీ తన 500వ అంతర్జాతీయ మ్యాచిలో శతకం కొట్టాడు, అదే మ్యాచిలో మన హైదరాబాదు సిరాజ్ ఐదు వికెట్లు తీశాడు. మ్యాచి లేని రోజుల్లో లోపలికి రానిస్తారా అన్నది గేటు దగ్గర అడగాలి.

డల్లాస్_శ్రీను
నేను వెళితే దానికోసమే వెళతాను. పుంటా కానా మాట వెనక్కి తీసుకోవడం లేదు.

సత్యవతి_ఎన్‌జే
పిల్లలకు లా బ్రేలోని తారు సరస్సు చూపించమని బడిలో ఎవరో చెప్పారట. అది చూడదగినదేనా?

స్పెయిన్‌రేవు_వాసి
పిల్లలకు సైన్సు మీద ఆసక్తి ఉంటే చూడదగినదే, లేకపోతే ఎండలో నల్లని మైదానం. 100 ఎకరాల మేర సహజంగా పైకి ఉబికే తారు. ప్రపంచంలో అతి పెద్దది. 1595లో ఇంగ్లండ్ నావికుడు వాల్టర్ రాలీ తన ఓడల పగుళ్లను ఈ తారుతోనే పూడ్చుకున్నాడు. చాలాచోట్ల గట్టిగానే ఉంటుంది కానీ మెత్తని చోట్లు గైడుకే తెలుస్తాయి కాబట్టి ఒంటరిగా దిగకూడదు. మార్చి ఎండాకాలం కనుక జనం స్నానాలు చేసే గంధకపు నీటి మడుగులు తగ్గి ఉంటాయి. డెబే తిండికీ దీనికీ కలిపి ఒక రోజు పెట్టుకోండి.

ఇంకా రెండు విషయాలు. సైనికుల దుస్తుల తరహా పచ్చమచ్చల బట్టలు ఇక్కడ పౌరులు వేసుకోవడం చట్టవిరుద్ధం. పిల్లల టోపీలు, సంచులు కూడా చూసి సర్దండి. కారు అద్దెకు తీసుకుంటే బండి ఎడమవైపు నడపాలి. మీ వారు అమెరికాలోనే నేర్చుకున్నవారైతే స్టీరింగు మామగారికి ఇవ్వండి.

సత్యవతి_ఎన్‌జే
మామగారు రాజమండ్రిలో స్కూటరు తప్ప మరేదీ నడపలేదు. డ్రైవరునే మాట్లాడుకుంటాము.

ఓరుగల్లు_పిల్ల
టొబాగో తీరాల్లో ఎర్రని పట్టీ వేసిన చెట్లు కనిపిస్తే వాటి కింద కూర్చోవద్దు. అవి మంచినీల్ చెట్లు. చిన్న ఆపిల్ లాంటి కాయ విషం, వాన పడ్డప్పుడు ఆకుల నుంచి కారే నీళ్లు తగిలినా ఒళ్లు బొబ్బలెక్కుతుంది. ఎర్ర పట్టీ ప్రతి చెట్టుకూ ఉండదు కాబట్టి తెలియని కాయను ముట్టవద్దని పిల్లలకు చెప్పండి.

లెక్కల_మాస్టారు
పెద్దవాళ్లకు టొబాగో ఓడ వద్దు. నాలుగు గంటలకు దగ్గరగా పడుతుంది, మధ్య సముద్రంలో బాగా ఊగుతుంది. విమానం టికెట్లే కొనండి, అదీ ఈస్టర్ తేదీ చూసిన తరువాత.